పసిపాపకు లాలపోయడం – మూడో పాఠం: నీళ్ళు మరోసారి, ఆ తరువాతే కాళ్ళ మీద

ఈసారి పాపను కాళ్ళ మీద వేసుకుని లాలపోయడం నేర్పుతానని మాట ఇచ్చాను. నేర్పుతాను. అయితే పోయిన పాఠం చదివి నీళ్ళు కలిపినవాళ్ళు రాసినవి చూశాక, ఆ సంగతి తేల్చకుండా ముందుకు పోవడానికి మనసొప్పలేదు. తప్పు చాలావరకు నాదే. "ఒక చెంబు వేడినీళ్ళకు మూడు చెంబుల చన్నీళ్ళు" అని రాశాను. అది మా ఇంట్లో, మా గీజరు నీళ్ళతో, చలి తగ్గిన రోజుల్లో సరిపోయిన లెక్క. దాన్ని అందరికీ కొలతగా ఇవ్వకూడదు.

విజయవాడ నుంచి ఒక తండ్రి రాశారు. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. గీజరు నీళ్ళు ఒక చెంబు, కుళాయి నీళ్ళు మూడు చెంబులు సరిగ్గా కొలిచి పోశారు. కానీ డాబా మీద ట్యాంకులో పొద్దుటి నుంచి కాగిన నీళ్ళను మనం కుళాయి తిప్పి "చన్నీళ్ళు" అంటున్నాం. అవే నలభై డిగ్రీలు ఉంటే, అరవై డిగ్రీల గీజరు నీళ్ళు ఒక వంతు కలిపేసరికి మొత్తం 45 అవుతుంది. పాప వీపు ఎర్రబడిందట. ఒక్క చెంబు పోసి ఏడుపు వినగానే ఆపేశారు కాబట్టి గండం తప్పింది.

ఇంకొక తల్లి ఇంట్లో గీజరు లేదు. గ్యాస్ పొయ్యి మీద గిన్నెతో తెర్లేదాకా కాచారు. మరిగే నీళ్ళు వంద డిగ్రీలు, కుళాయి నీళ్ళు ముప్ఫై అనుకుందాం. ఒకటికి మూడు కలిపితే 47 దాటుతుంది. మోచెయ్యి ముంచి చూడబట్టి ఆవిడ పాపకు పోయలేదు. ఆ ఇంట్లో ఒకటికి తొమ్మిది కలపాలి. అదే జనవరిలో కుళాయి నీళ్ళు ఇరవైకి దిగితే, ఒకటికి మూడున్నర చాలు. ఒకే ఇల్లు, ఒకే గిన్నె, ఒకే చెంబు, లెక్క మాత్రం రెండు రకాలు. అందుకే చెంబుల లెక్క కొట్టేయండి. పాఠం కాగితం మీద రాసుకుని ఉంటే అక్కడ గీత పెట్టండి.

మూడో అమ్మాయిది వేరే కథ. నీళ్ళు సరిగ్గానే కలిపింది. కలిపాక పాపను ఏసీ గదిలోంచి తెచ్చింది, బట్టలు విప్పింది, తువ్వాలు మరిచిపోయి మళ్ళీ లోపలికి వెళ్ళింది, సబ్బు కాగితం చింపడానికి కత్తెర వెతికింది. లాలపోయడం మొదలయ్యేసరికి నీళ్ళు చల్లారాయి, అంతకంటే ముందే పాప చల్లబడింది. బట్టలు విప్పిన పసిబిడ్డకు ఒక్క నిమిషం కూడా ఎక్కువే, ఒళ్ళు తడిస్తే మరీను. ఆవిరయ్యే ప్రతి చుక్కా ఒంట్లో వేడిని తీసుకుపోతుంది, బిడ్డకు వణికి వేడి పుట్టించుకునే శక్తి ఇంకా రాలేదు.

ఇక ఇలా చేయండి. ముందు బకెట్టులో చన్నీళ్ళు, ఆ తరువాతే వేడినీళ్ళు. ఈ వరుస ఎప్పుడూ మారకూడదు. వేడినీళ్ళు ముందు పోసి ఉంచిన బకెట్టు, ఇంట్లో తిరిగే పెద్ద పిల్లవాడు ఉంటే, వాడికి ప్రమాదం. చెయ్యి అడుగుదాకా పెట్టి బాగా కలియబెట్టండి, వేడి పైనే నిలిచి ఉంటుంది. 37 నుంచి 38 డిగ్రీల మధ్య ఉండాలి. నా దగ్గరి దారి చెబుతాను: జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు ఒకటి స్నానానికని విడిగా పెట్టుకుని, దాని కొనను నీళ్ళలో ముంచుతాను. దాని కొలత మనకు కావలసిన చోటే ఉంటుంది. గాజు థర్మామీటరు వద్దు, పగిలితే పాదరసం.

థర్మామీటరు లేనివాళ్ళు మోచెయ్యి ముంచండి. వెచ్చగా అనిపించాలి, వేడిగా అనిపించకూడదు. అరచేతిని నమ్మవద్దు. పెనం మీద అట్టు తిప్పే చెయ్యి, కుక్కర్ మూత తీసే చెయ్యి 45 డిగ్రీలను కూడా "బాగానే ఉంది" అంటుంది. "చెయ్యి పెడితే చురుక్కుమనాలి, అప్పుడే పాపకు ఒళ్ళు నొప్పులు పోయి నిద్ర పడుతుంది అని అత్తయ్యగారు అంటున్నారు" అని ఇద్దరు రాశారు. ఆ చురుకు బాలింతకు పోసే నీళ్ళ కొలత, బిడ్డది కాదు. అత్తయ్యగారితో వాదం పెట్టుకోవద్దు. ఆవిడ మోచేతినే నీళ్ళలో ముంచమని అడగండి. నేను చూసినంతవరకు ప్రతి అత్తగారూ ఒక చెంబు చన్నీళ్ళు తానే పోశారు.

చివరిగా కడగడానికి చిన్న బకెట్టులో నీళ్ళు ముందే కలిపి మూత పెట్టి ఉంచండి. పాప కాళ్ళ మీద ఉండగా బకెట్టులోకి వేడినీళ్ళు పోయకూడదు, మరొకరి చేత పోయించకూడదు. చల్లారిపోతే స్నానం ముగించండి, అంతే.

నీళ్ళ సంగతి ఇక్కడితో ముగిసింది. తువ్వాళ్ళు సిద్ధం చేసుకోవడం, గోళ్ళు కత్తిరించుకోవడం, గాజులు, ఉంగరాలు తీసేయడం, ఫ్యాను ఆపడం, పాలు తాగిన వెంటనే పోయకపోవడం మీకు తెలిసినవే.

ఎవరు ఈ పాఠం ఇంకా చేయకూడదో మాత్రం చెప్పాలి. బొడ్డు ఊడి ఆ చోటు పూర్తిగా ఆరని బిడ్డకు మొదటి పాఠంలో చెప్పిన తడిగుడ్డ స్నానమే. రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు ఆ బరువు వచ్చేదాకా అదే. పుట్టిన మొదటి 24 గంటలు స్నానం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. ఆపరేషన్ అయిన తల్లి కాళ్ళు చాపి, ముందుకు వంగి కూర్చోకూడదు. కుట్లు మానేదాకా అమ్మో, అక్కో, భర్తో కూర్చోవాలి. డల్లాస్‌లో ఇద్దరే ఉంటున్న జంట అడిగారు, అక్కడ పీట లేదు, నేల మీద నీళ్ళు పోయే దారీ లేదు. మీరు చిన్న టబ్బే వాడండి, మూడు నాలుగు అంగుళాల లోతు నీళ్ళు చాలు. టబ్బులో పట్టుకునే తీరు వచ్చే పాఠంలో చెబుతాను.

ఇక కాళ్ళ మీద. చిన్న పీట మీద కూర్చుని వీపు గోడకు ఆనించండి. కాళ్ళు రెండూ చాపి దగ్గరగా చేర్చండి. మడమల కింద మడతపెట్టిన తువ్వాలు పెడితే ఆ వైపు కొంచెం ఎత్తవుతుంది. మోకాళ్ళ నుంచి చీలమండల దాకా పాత నూలు పంచె ముక్క పరవండి. తడి కాలి మీద తడి ఒళ్ళు జారుతుంది, తడిసిన నూలు గుడ్డ మీద జారదు. కొత్త టర్కీ తువ్వాలు కంటే ఉతికి ఉతికి మెత్తబడిన పంచె నాకు ఎప్పుడూ నచ్చుతుంది.

పాప తల మీ పాదాల వైపు, కాళ్ళు మీ పొట్ట వైపు. అప్పుడు మొహం మీకు ఎదురుగా కనిపిస్తుంది. మీ ఎడమ చెయ్యి పాప మీదనే ఉండాలి. చెంబు, సబ్బు, గుడ్డ అన్నీ కుడి చేతి పని. సబ్బు జారి దూరంగా పోతే పోనివ్వండి.

మొదట మొహం. సబ్బు లేదు, ధార లేదు, పిండిన మెత్తని గుడ్డ మాత్రమే. కళ్ళు ముక్కు వైపు నుంచి చెవి వైపు, ఒక్కో కంటికి గుడ్డ ఒక్కో కొన. ఆ తరువాత మెడ మడత. గడ్డం కొంచెం ఎత్తి వేలితో విప్పితే లోపల తెల్లగా, పుల్లటి వాసనతో కారిన పాలు పేరుకుని కనిపిస్తాయి. చాలా ఇళ్ళలో రోజూ నీళ్ళు పోస్తూ కూడా ఈ ఒక్క మడత విప్పరు, అక్కడే ఒరిసి ఎర్రబడుతుంది. చంకలు, గజ్జలు, చెవుల వెనుక కూడా అంతే. ఆడపిల్లకు ముందు నుంచి వెనక్కి కడగండి. మగపిల్లవాడికి ముందు చర్మం వెనక్కి లాగవద్దు. పాప రొమ్ములు ఉబ్బి ఉన్నాయని పిండవద్దు. అది తల్లి నుంచి వచ్చిన హార్మోన్ల వల్ల, కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. పిండితే చీము పట్టవచ్చు.

సబ్బు చిన్న ముద్ద, మడతలకు మాత్రమే. సున్నిపిండి ఈ నెలల్లో వద్దు, వీపు మీద నూగు తనంతట తానే రాలిపోతుంది. ధార చేతి వెడల్పు ఎత్తు నుంచి, ముందు మీ చేతి మీద పడి పాప మీదకు జారాలి.

తరువాత బోర్లా. ఎడమ అరచెయ్యి పాప ఛాతీ కిందకు పోనిచ్చి, గడ్డం మీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆనేలా పట్టి తిప్పండి. ముక్కు, నోరు గుడ్డకు గానీ కాళ్ళకు గానీ ఆనకుండా గాలి ఆడేలా ఉండాలి. వీపు, పిరుదులు, అంతే, నిమిషం లోపే. మళ్ళీ వెల్లకిలా.

తల చివర. మన ఇళ్ళలో తలతో మొదలుపెడతారు, నేను ఒప్పుకోను. పసిబిడ్డకు ఒంటికి తల పెద్దది. ముందే తడిపితే మిగతా స్నానమంతా ఆ తడి తల నుంచి వేడి పోతూనే ఉంటుంది. నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టి నీళ్ళు వెనక్కి జారేలా పోయండి. మాడు మెత్తగా ఉందని భయపడి దాన్ని వదిలేయకండి. వేళ్ళ కొసలతో మెల్లగా కడగవచ్చు. వదిలేస్తే పసుపు పొలుసులు పేరుకుంటాయి. కుంకుడు రసం వద్దు, కళ్ళు మండుతాయి. మొదలుపెట్టిన దగ్గర నుంచి అయిదు నిమిషాల్లో ముగియాలి. రోజు విడిచి రోజు చాలు, మడతలు మాత్రం రోజూ తుడవండి.

ఇక్కడ ఆగి ఒక విషయం పూర్తిగా చెప్పాలి. స్నానం కాగానే ముక్కులో, చెవుల్లో నూనె చుక్క వేయడం. పోయిన పాఠంలో "వద్దు" అని ఒక్క మాటతో వదిలేశాను. అది సరిపోలేదని మీ ప్రశ్నలు చూస్తే తెలిసింది.

పసిబిడ్డ ఎక్కువగా ముక్కుతోనే గాలి పీలుస్తుంది. నీళ్ళు పొరపాటున గొంతులోకి పోతే దగ్గు వస్తుంది, ఆ దగ్గే కాపాడుతుంది. నూనె అలా చేయదు. మెత్తగా, చప్పుడు లేకుండా, దగ్గు రాకుండానే ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. అక్కడ అది కరగదు, బయటికి రాదు. నూనె వల్ల వచ్చే న్యుమోనియా అని దానికి వైద్యంలో వేరే పేరే ఉంది. జ్వరం, ఎగశ్వాసతో వచ్చిన బిడ్డకు ఎక్స్‌రే తీసి, "ముక్కులో ఏమైనా వేశారా?" అని డాక్టర్లు అడుగుతారు. నేను ప్రసూతి వార్డులో పనిచేసిన రోజుల్లో ఆ ప్రశ్నకు తల దించుకున్న అమ్మమ్మను చూశాను. ఆవిడ ప్రేమతోనే వేశారు. ఆ మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది.

"మా అందరికీ వేశారు, మాకేమీ కాలేదు కదా" అన్నారు. మీకు కాలేదు, నిజమే. ఏమీ కానివాళ్ళే బతికి పెరిగి ఆ మాట చెప్పగలుగుతున్నారు. నువ్వుల నూనె అయితే? వద్దు. ఇంట్లో ఆడించిన కొబ్బరి నూనె? వద్దు. ఒక్క చుక్కే? వద్దు. చెవిలో గులిమి తనంతట తానే బయటికి వస్తుంది, నూనె పోస్తే నాని లోపల అడ్డుపడుతుంది. నీళ్ళు పోయాయని చెవిలో, ముక్కులో నోటితో ఊదడం కూడా వద్దు, మన నోటి క్రిములు నేరుగా పోతాయి. ముక్కు పట్టేస్తే డాక్టరు రాసిన ఉప్పునీటి చుక్కలు ఉన్నాయి. నూనె ఒంటికి రాయండి, స్నానానికి ముందు, మెల్లగా, ఎంతో మంచిది. రంధ్రాల్లోకి మాత్రం కాదు.

సాంబ్రాణి పొగ గురించి ఒక్క మాట: తల తువ్వాలుతో ఆరుతుంది, పొగ అవసరం లేదు.

స్నానం కాగానే పొడి పొత్తిగుడ్డలో చుట్టి ముందు తల అద్దండి. తడిసిన గుడ్డ వెంటనే తీసేసి రెండోది కప్పండి, టోపీ పెట్టండి, పాలివ్వండి. పది నిమిషాల తరువాత మీ చేతి వెనుక వైపుతో పాప పొట్ట, పాదాలు తాకండి. రెండూ వెచ్చగా ఉంటే బాగున్నట్టు. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే బిడ్డకు చలి పెడుతోంది, బట్టలు విప్పి తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్ళు ఆనించి పైన దుప్పటి కప్పండి. పొట్ట కూడా చల్లబడితే, పాలు తాగకపోతే, పెదవులు నీలంగా మారితే అలాగే గుండెలకు హత్తుకుని 108కి ఫోను చేయండి. చంకలో 36.5 నుంచి 37.5 డిగ్రీలు మామూలు. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వస్తారు, వచ్చినప్పుడు చంకలో వేడి ఎలా చూడాలో చూపించమని అడగండి.

అభ్యాసం. ఇది చేయకుండా పాపను కాళ్ళ మీద వేసుకోవద్దు. మూడు కిలోల బియ్యం సంచిలో పోసి, పైన పాలిథిన్ కవరు చుట్టి, దాని మీద కొబ్బరి నూనె రాయండి. పీట మీద కూర్చుని ఆ సంచిని కాళ్ళ మీద వేసుకుని, ఎడమ చెయ్యి తీయకుండా, కుడి చేత్తో నీళ్ళు పోసి, బోర్లా తిప్పి, వెల్లకిలా తిప్పి, తువ్వాలులో చుట్టండి. అయిదు నిమిషాల్లో, వరుసగా పదిసార్లు, ఒక్కసారి కూడా జారకుండా. తొమ్మిదోసారి జారితే మళ్ళీ ఒకటి నుంచి. నీళ్ళు పోసే ప్రతిసారీ ముందు మోచేతితో ఎన్ని డిగ్రీలో ఊహించి రాసుకుని, తరువాత థర్మామీటరుతో చూడండి. వరుసగా మూడు రోజులు మీ ఊహ ఒక్క డిగ్రీకి మించి తప్పకపోతే, నాలుగో రోజు పాప.