ప్లంబింగ్, గ్యాస్ లైన్ పని నేర్చుకోవాలంటే ఏ దారిలో వెళ్ళాలి

మావాడు పది పాసయ్యాడు, ఇంటర్ మీద మనసు లేదు, ప్లంబింగ్‌లో పెడదామనుకుంటున్నాం, గ్యాస్ పైప్‌లైన్ పనికి ఇప్పుడు గిరాకీ ఉందంటున్నారు, ఎక్కడ చేర్పించాలి అని నెలకి ఇద్దరు ముగ్గురైనా అడుగుతారు నన్ను. నేను 2008 నుంచి ఈ పనిలోనే ఉన్నా, మొదట మేస్త్రీ దగ్గర హెల్పర్‌గా రెండేళ్ళు, తర్వాత ఐటీఐ, ఆ తర్వాత హైదరాబాద్‌లో ఇళ్ళకి గ్యాస్ కనెక్షన్లు వేసే ఒక కాంట్రాక్టర్ దగ్గర. ఫోన్లో ప్రతిసారీ అరగంట చెప్పేదే ఇక్కడ రాసి పెడుతున్నా, చదివాక మీ పిల్లాడి వయసు, చదువు, ఇంట్లో అవసరం చూసుకుని మీరే నిర్ణయించుకోండి.

ముందు ఒక విషయం క్లియర్‌గా తెలియాలి. మన దగ్గర ప్లంబర్ అంటే నీళ్ళ లైను, డ్రైనేజీ, బాత్రూమ్ ఫిటింగ్స్. గ్యాస్ వేరే పని. సిలిండర్ సంగతి డీలర్ దగ్గర ఉండే మెకానిక్ చూస్తాడు, పైపులో వచ్చే పీఎన్‌జీ అయితే సిటీ గ్యాస్ కంపెనీ తరఫున కాంట్రాక్టర్లు చేస్తారు, హైదరాబాద్, విజయవాడల్లో భాగ్యనగర్ గ్యాస్ ఉంది కదా, గెయిల్, హెచ్‌పీసీఎల్ కలిసి 2003లో పెట్టింది, అలాగే గోదావరి జిల్లాల్లో వేరే కంపెనీ, రాయలసీమలో వేరే కంపెనీ. హోటళ్ళకి, హాస్టళ్ళకి సిలిండర్లన్నీ ఒకచోట పెట్టి లోపలికి లైన్ లాగే వాళ్ళు ఇంకో రకం. ఎవరో ప్లంబర్‌ని పిలిచి వంటింట్లో పీఎన్‌జీ పైపు జరిపించుకోవడం తప్పు, అలా జరపడం ప్లంబర్‌కీ తప్పే, అది కంపెనీ మనిషే చెయ్యాలి.

కానీ చేతి పని మాత్రం చాలావరకు ఒకటే. కొలత తియ్యడం, పైపు కొయ్యడం, మర కొట్టడం, క్లాంపులు సరైన దూరంలో బిగించడం, గోడలోంచి పోయేచోట స్లీవ్ పెట్టడం. అందుకే నా మాట ఏంటంటే ముందు నీళ్ళ పని నేర్చుకుని ఆ తర్వాత గ్యాస్‌లోకి రండి. ఎందుకో చెప్తా. మూడు నాలుగంతస్తుల బిల్డింగ్ మీద ట్యాంక్ ఉంటే కింద కుళాయిలో ప్రెషర్ సుమారు ఒక బార్ ఉంటది, పది మీటర్ల ఎత్తుకి ఒక బార్ లెక్క. వంటింట్లో పీఎన్‌జీ స్టవ్‌కి వచ్చేది 21 మిల్లీబార్ మాత్రమే, అంటే దాంట్లో సుమారు యాభయ్యో వంతు. ప్రెషర్ అంత తక్కువ కదా తేలికే అనుకుంటారు కొత్తవాళ్ళు, అక్కడే దెబ్బ తింటారు. నీళ్ళ లీకు తనే బయటపడుద్ది, గోడ చెమ్మ పడుద్ది, పెయింట్ ఉబ్బుద్ది, కింద ఫ్లాట్‌వాళ్ళు గొడవకి వస్తారు. గ్యాస్ లీకు కనపడదు, దానికి కలిపిన మెర్కాప్టాన్ వాసన ఒక్కటే గుర్తు, ఇంట్లో ఎవరూ లేకపోతే ఆ వాసన పట్టేవాళ్ళూ ఉండరు. నీళ్ళ లైన్ మీద వంద జాయింట్లు వేసి అందులో నాలుగు కారి, వాటిని మళ్ళీ విప్పి వేసినవాడికి చెయ్యి తెలుస్తది, ఆ చెయ్యి గ్యాస్ దగ్గరికి తీసుకెళ్ళాలి.

ఇక దారుల సంగతి.

మేస్త్రీ దగ్గర చేరడం పాత దారి, ఇప్పటికీ ఎక్కువమంది ఇలాగే వస్తున్నారు. మొదటి రోజు నుంచే కూలి వస్తది, ఇంట్లో డబ్బు అవసరం ఉన్నవాళ్ళకి ఇది తప్పదు. మొదటి ఆరు నెలలు గోడకి గాడి కొట్టడం, సామాను మొయ్యడం, సీపీవీసీ పైపుకి సొల్యూషన్ రాయడం, ఇంతే ఉంటది. మేస్త్రీ మంచోడైతే ఏడాదికి బాత్రూమ్ లైన్ నీ చేతికిస్తాడు, కాకపోతే మూడేళ్ళైనా నువ్వు హెల్పర్‌వే. ఒకటి గమనించండి, మేస్త్రీ ఎలా చెయ్యాలో చూపిస్తాడు గానీ ఎందుకో చాలామంది చెప్పరు, చెప్పడం ఇష్టంలేక కాదు, వాళ్ళకీ ఎవరూ చెప్పలేదు. డ్రైనేజీ పైపుకి నాలుగడుగులకి ఒక అంగుళం వాలు పెట్టమంటాడు, ఎందుకని అడిగితే "అంతే పెట్టాలిరా" అంటాడు. ట్రాప్‌లో, అంటే పైపు వంపులో, నీళ్ళు నిలబడి ఉంటేనే సెప్టిక్ ట్యాంక్ కంపు లోపలికి రాదని, గాలి ఆడే వెంట్ పైపు లేకపోతే పైఫ్లోర్ ఫ్లష్ కొట్టినప్పుడు కింద ట్రాప్‌లో నీళ్ళు లాక్కుపోతాయని నాకు ఐటీఐకి వెళ్ళాకే అర్థమైంది, అప్పటికి రెండేళ్ళుగా ఆ పైపులే వేస్తున్నా నేను.

ఐటీఐలో ప్లంబర్ ట్రేడ్ ఏడాది కోర్సు, ఎనిమిదో తరగతి పాసైతే చాలు, కానీ దయచేసి పది పూర్తి చేయించే పంపండి, దానికి కారణం గల్ఫ్ సంగతి దగ్గర చెప్తా. గవర్నమెంట్ ఐటీఐలో ఫీజు నామమాత్రం, పది రిజల్ట్స్ వచ్చాక రెండు రాష్ట్రాల్లోనూ ఆన్‌లైన్‌లో అప్లికేషన్లు తీసుకుంటారు, మార్కుల మీద సీటు ఇస్తారు. ఇక్కడ చిక్కేంటంటే ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ ఉన్నట్టు ప్లంబర్ ట్రేడ్ అన్ని ఐటీఐల్లో ఉండదు, కాబట్టి కాలేజీ చూసుకునే ముందు ట్రేడ్ ఎక్కడుందో చూసుకోండి. మీ ఊరి దగ్గర్లో ప్లంబర్ లేకపోతే ఫిట్టర్ తీసుకోమంటా నేను, రెండేళ్ళైనా సరే. పదిలో సైన్సు, లెక్కలు ఉండాలి దానికి. కొలతలు, ఫైలింగ్, మరలు, డ్రాయింగ్ చదవడం బాగా వస్తాయి, రేపు ఫ్యాక్టరీ పైపింగ్‌లోకైనా గ్యాస్ స్టేషన్ల మెయింటెనెన్స్‌లోకైనా ఫిట్టర్‌ని తీసుకుంటారు, ప్లంబర్‌ని తీసుకోరు. అదే గ్యాస్ మెయిన్ లైన్ల వైపు ఆశ ఉంటే వెల్డర్ ట్రేడ్ కూడా ఏడాదే, స్టీల్ లైన్ వెల్డింగ్ చేతిలో ఉన్నోడికి పనికి కొరత ఉండదు.

ఐటీఐ తర్వాత అప్రెంటిస్‌షిప్ మాత్రం వదులుకోకండి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద కంపెనీలు తీసుకుంటాయి, స్టైపెండ్ ఇస్తాయి, నాప్స్ స్కీమ్‌లో ఆ స్టైపెండ్‌లో పావు వంతు, నెలకి 1500 వరకు, సెంట్రల్ గవర్నమెంట్ భరిస్తది. బయట కూలికి వెళ్తే దీనికంటే ఎక్కువ వస్తది కదా అని చాలామంది మధ్యలో మానేస్తారు, నా బ్యాచ్‌లో నలుగురు అలాగే మానేశారు, వాళ్ళలో ఇద్దరు తర్వాత సర్టిఫికెట్ కోసం చాలా తిరిగారు.

ఏడాది ఆగలేం అనుకునేవాళ్ళకి చిన్న కోర్సులు ఉన్నాయి. హైదరాబాద్‌లో హైటెక్స్ దగ్గర న్యాక్ ఉంది, 1998లో పెట్టారు, నిర్మాణ పనులన్నీ నేర్పించే సంస్థ, ప్లంబింగ్ శానిటేషన్ కోర్సు అక్కడ మూడు నెలలే. పీఎంకేవీవై అని సెంట్రల్ గవర్నమెంట్ స్కిల్ ట్రైనింగ్ స్కీమ్ ఉంది, దాని కింద ప్లంబర్ కోర్సులు జిల్లాల్లో కూడా నడుస్తాయి. మూడు నెలల్లో ప్లంబర్ అయిపోతారా అంటే అవ్వరు, కానీ మేస్త్రీ దగ్గర చేరేటప్పుడు మొదటి ఆరు నెలల గాడి కొట్టుడు తప్పుద్ది, పైపు పేర్లు ఫిటింగ్ పేర్లు తెలిసి వెళ్తారు. ఇప్పటికే ఏళ్ళ తరబడి పని చేస్తూ కాగితం లేనివాళ్ళకి అదే పీఎంకేవీవైలో ఆర్‌పీఎల్ అని ఉంది, మళ్ళీ మొదటినుంచి చదవక్కర్లేదు, వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు. పదేళ్ళ మేస్త్రీలకి ఈ సంగతి తెలియకపోవడం చూస్తే బాధేస్తది. ఇంకోటి, చేతివృత్తులవాళ్ళ కోసం పెట్టిన పీఎం విశ్వకర్మ స్కీమ్‌లో టూల్‌కిట్ ఇస్తారని ప్లంబర్లు మీసేవ చుట్టూ తిరుగుతున్నారు, ఆ లిస్టులో ఉన్న 18 వృత్తుల్లో తాపీమేస్త్రీ ఉన్నాడు, ప్లంబర్ లేడు, అనవసరంగా ఎవరికీ డబ్బులిచ్చి అప్లై చేయించుకోకండి.

ఇప్పుడు గ్యాస్. ఇళ్ళ కనెక్షన్ల పనికి మనుషుల్ని తీసుకునేది ఎక్కువగా కాంట్రాక్టర్లే, మొదట హెల్పర్‌గా, చెయ్యి చూసి ఫిట్టర్‌గా. హైడ్రోకార్బన్ స్కిల్ కౌన్సిల్ వాళ్ళది సిటీ గ్యాస్ పైప్ ఫిట్టర్ అని కోర్సు ఉంది, వైజాగ్‌లో హెచ్‌పీసీఎల్ ముందుండి నడిపే స్కిల్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇలాంటి ఆయిల్ గ్యాస్ కోర్సులు నడుస్తుంటాయి, బ్యాచ్ ఎప్పుడో నేరుగా వాళ్ళనే అడగండి, మధ్యలో ఏజెంట్ అక్కర్లేదు.

ఈ పని ఎలా ఉంటదో ఒక్కటి చూపిస్తా. వీధిలో భూమిలోంచి వచ్చేది పాలీఎథిలీన్ పైపు, దాన్ని అతికించేది ఎలక్ట్రోఫ్యూజన్ మెషిన్. ముందు పైపు చివర మార్కర్‌తో చుట్టూ అడ్డదిడ్డంగా గీతలు గీస్తాం, తర్వాత స్క్రేపర్‌తో పైపొర చెక్కుతాం, కొబ్బరి కోరినట్టు సన్న పొట్టు రాలాలి, గీత ఎక్కడైనా మిగిలిందంటే అక్కడ చెక్కు పడలేదని అర్థం. స్పిరిట్‌తో తుడిచాక వేలు తగలకూడదు, తగిలితే మళ్ళీ తుడవాలి. క్లాంప్ బిగించి, కప్లర్ (రెండు పైపుల్ని కలిపే ముక్క) మీద బార్‌కోడ్ స్కాన్ చేస్తే మెషిన్ తనే కరెంట్ ఎంతసేపివ్వాలో చూసుకుంటది, పని అయ్యాక చిన్న బొడిపెలు పైకి లేస్తాయి. ఆ తర్వాత చల్లారేదాకా కదపకూడదు. సాయంత్రం ఆరవుతుంది, ఇంకో మూడు ఇళ్ళున్నాయి, సూపర్‌వైజర్ తొందరపెడుతున్నాడు, అప్పుడు కూడా ఆ నిమిషాలు ఆగగలిగినవాడే ఈ పనికి పనికొస్తాడు. పైన ఎంత నున్నగా కనపడ్డా చెక్కని జాయింట్ లోపల పట్టదు, నెలల తర్వాత విడిపోద్ది.

ఇంటి లోపల జీఐ (జింకు పూత ఇనుప), రాగి పైపులు అయ్యాక లైన్‌లో ప్రెషర్ ఎక్కించి టెస్ట్ గేజ్ పెట్టి వదిలేస్తాం, ముల్లు కదిలిందంటే లీకున్నట్టు. ఒకసారి మియాపూర్‌లో నాలుగో ఫ్లోర్‌లో గేజ్ ముల్లు వెంట్రుకవాసి జరిగింది, నేను పర్లేదనుకున్నా, మా సీనియర్ మాత్రం జాయింట్ జాయింట్‌కి సబ్బు నురగ రాసుకుంటూ వెళ్ళాడు, చిమ్నీ వెనక ఎల్బో దగ్గర ఆవగింజంత బుడగ, పేలడం, మళ్ళీ రావడం. నా చేతి మరే అది, రెండు చుట్లు తక్కువ కొట్టా. ఆ రోజు నుంచి ముల్లు కదిలిందంటే ఇంటికి వెళ్ళను. నేర్చుకునేవాళ్ళు ఇంకోటి కూడా బుర్రలో పెట్టుకోవాలి, సిలిండర్ గ్యాస్ గాలికంటే బరువు, నేల మీద పాకుద్ది, పీఎన్‌జీ తేలిక, పైకి పోయి సీలింగ్ కింద నిలుస్తది, కాబట్టి ఒకదానికి గాలి దారి కింద కావాలి, ఇంకోదానికి పైన. 2014 జూన్ 27న కోనసీమలో నగరం గ్రామం దగ్గర గ్యాస్ పైప్‌లైన్ పేలిన సంగతి మనందరికీ తెలుసు, అది పెద్ద ట్రంక్ లైన్, మనం వేసేది వంటింటి లైన్, అయినా లోపల పోయేది ఆ జాతి గ్యాసే.

డబ్బులు కట్టి చేరే ప్రైవేట్ ఇన్‌స్టిట్యూట్ల గురించి. మా బాబాయి కొడుకు 45 వేలు కట్టి ఒకచోట "గ్యాస్ టెక్నీషియన్" కోర్సు చేశాడు, రెండు నెలలు ప్రొజెక్టర్ మీద బొమ్మలు చూపించారు, ప్రాక్టికల్స్‌కి మర కొట్టే డై సెట్ ఒకే ఒక్కటి, ముప్పై మంది పిల్లలు. ఉద్యోగం గ్యారంటీ అని చెప్పినవాళ్ళు తర్వాత ఫోన్ ఎత్తలేదు. కాబట్టి చేరేముందు మధ్యాహ్నం పూట చెప్పకుండా వెళ్ళి వర్క్‌షాప్ చూడండి. నేల మీద పైపు ముక్కలు, మర కొట్టిన పొట్టు, నూనె మరకలు ఉంటే పని జరుగుతున్నట్టు. అన్నీ గోడకి తగిలించి మెరుస్తుంటే వెనక్కి వచ్చెయ్యండి. సర్టిఫికెట్ మీద ఎన్‌సీవీఈటీ (వృత్తి కోర్సుల్ని చూసే సెంట్రల్ గవర్నమెంట్ సంస్థ) పేరు ఉంటదా, పోయిన బ్యాచ్ పిల్లలు ఇప్పుడెక్కడ చేస్తున్నారో ఇద్దరి నంబర్లు ఇస్తారా, ఈ రెండూ అడగండి.

గల్ఫ్ ఆలోచన ఉన్నవాళ్ళకి, మన కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, కోనసీమ, కడప వైపు అది లేని ఇల్లు తక్కువ. పది పాసైతే పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) ముద్ర పడదు, పది లేకపోతే గల్ఫ్ దేశాలకి వెళ్ళేముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. అందుకే పది పూర్తి చేయించమన్నా. సౌదీకి ప్లంబర్ వీసా మీద వెళ్ళాలంటే ఇప్పుడు ఇక్కడే స్కిల్ టెస్ట్ పాసవ్వాలి, ఆ టెస్ట్‌లో థియరీతో పాటు చేతి పనీ చూస్తారు. రిజిస్టర్డ్ ఏజెంట్ సర్వీస్ చార్జీ 30 వేలు, పైన జీఎస్టీ, అంతకంటే ఎక్కువ తీసుకోకూడదు, లక్ష రెండు లక్షలు అడిగాడంటే గవర్నమెంట్ ఈ-మైగ్రేట్ సైట్‌లో వాడి పేరు ఉందో లేదో చూసుకోండి, తెలంగాణవాళ్ళయితే ముందు టామ్‌కామ్‌లో, అంటే విదేశీ ఉద్యోగాలకి పంపే రాష్ట్ర గవర్నమెంట్ సంస్థలో, అడగండి. బ్రిటన్ వెళ్ళినవాళ్ళు అడుగుతుంటారు, అక్కడ గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరు లేకుండా డబ్బు తీసుకుని గ్యాస్ పని చెయ్యడం నేరం, మన సర్టిఫికెట్ ఎంత పెద్దదైనా అక్కడ వాళ్ళ శిక్షణ, పరీక్ష మళ్ళీ చెయ్యాల్సిందే.

మా తమ్ముడి కొడుకే అడిగితే నేనేం చెప్తానో రాస్తా. పదహారేళ్ళు, ఇల్లు గడుస్తుంది అంటే ఐటీఐ, సెలవుల్లో మేస్త్రీ వెంట, తర్వాత అప్రెంటిస్, ఆ తర్వాతే గ్యాస్. ఇరవై దాటింది, సంపాదించాలి అంటే న్యాక్ మూడు నెలలు చేసి నేరుగా మేస్త్రీ దగ్గరికి, కొన్నాళ్ళు పని చేశాక ఆర్‌పీఎల్. ముప్పై దాటి ఇప్పటికే మేస్త్రీ అయితే ఆర్‌పీఎల్ వెంటనే, గ్యాస్ కాంట్రాక్టర్ దగ్గర ఒక సీజన్ హెల్పర్‌గా చెయ్యడానికి చిన్నతనం అనుకోవద్దు.

ఏ దారిలో వెళ్ళినా మొదటి నెల డబ్బులతో సొంతంగా 14 అంగుళాల పైపు రించి, మంచి టేపు, స్పిరిట్ లెవెల్ కొనుక్కోండి, సందు బజార్లో తక్కువకి దొరికే రించి వద్దు, పళ్ళు జారి వేళ్ళు నలుగుతాయి. ఒక చిన్న నోట్‌బుక్ కూడా, ఆ రోజు ఏ జాయింట్ కారిందో, ఎందుకు కారిందో రాసుకోండి. నా మొదటి నోట్‌బుక్ ఇప్పటికీ టూల్ బ్యాగ్‌లోనే ఉంది, కొత్త కుర్రాళ్ళు వస్తే మొదటి రోజు దాన్నే చదవమని ఇస్తా.