పూలమడికి గట్టు కట్టే ముందు జాగ్రత్తలు

• ముందు ఒక వాన చూడండి. నీరు ఎటు పారుతుందో తెలియకుండా గట్టు కడితే మడి చెరువవుతుంది, మల్లె వేర్లు కుళ్లిపోతాయి. పల్లం వైపు సందులు వదలాలి.

• ఇటుకలైతే బాగా కాలినవే కొనండి. రెండింటిని తట్టితే ఖణేల్‌మనాలి. సరిగా కాలనివి వానలకు నాని పొడిపొడిగా రాలిపోతాయి. ఒకదాన్ని రాత్రంతా నీళ్లలో నానబెట్టి చూస్తే ఇంకా మంచిది.

• నా మొదటి ఎంపిక తాండూరు, కడప బండల ముక్కలే. చెద పట్టదు, కుళ్లదు. కానీ అంచులు పదును; పిల్లలు తిరిగే ఇల్లయితే తప్పక అరగదీయించండి. మూడోవంతు మట్టిలోకి దిగాలి.

• కర్ర, వెదురు: చెదలు వస్తాయి. ఇంటి గోడకు ఆనించవద్దు.

• రైలు పట్టాల కింద వేసే పాత స్లీపర్ చెక్కలు కూరగాయల మడికి వద్దే వద్దు. అవి పుచ్చకుండా పట్టించే క్రియోసోట్ అనే తారునూనె హానికరం.