ఆవిరయ్యే ఆదిమ కృష్ణబిలం నుంచి తొలి విశ్వాన్ని లెక్కగట్టడం ఎలా?

తొలి విశ్వంలో బాగా దట్టమైన చోట్లు కుప్పకూలి పుట్టి ఉండవచ్చని భావించే బిలాలే ఆదిమ కృష్ణబిలాలు. అవి కణాలను వెదజల్లుతూ క్రమంగా ఆవిరవుతాయి. నేడు ఆవిరై ముగిసే బిలం నుంచి వెనక్కి వెళ్లి, తొలి విశ్వంలో సాంద్రత ఎంత హెచ్చుతగ్గులుగా ఉండేదో అంచనా కట్టవచ్చు. అందుకు కాగితం, పెన్సిలు, ఘాతాలు చేయగల కాలిక్యులేటర్ చాలు. ద్రవ్యరాశిని గ్రాముల్లోనే పెట్టుకోవాలి. మధ్యలో కిలోగ్రాములు చొరబడితే సున్నాలు ఎక్కడ జారిపోయాయో ఎవరికీ అంతుపట్టదు.

మొదట ఉష్ణోగ్రత. 1974లో భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ చూపినట్టు కృష్ణబిలానికీ ఉష్ణోగ్రత ఉంటుంది, అది ద్రవ్యరాశికి విలోమంగా ఉంటుంది కాబట్టి, 1.2×10²⁶ను గ్రాములతో భాగిస్తే కెల్విన్లలో జవాబు వస్తుంది. సూర్యుడంత బిలానికి ఇది ఒక కెల్విన్‌లో కోటో వంతు కూడా ఉండదు. చుట్టూ ఉన్న ఆకాశమే 2.7 కెల్విన్లు కనుక అది ఇప్పట్లో ఆవిరవదు, దాన్ని వదిలేయండి.

ఆ తర్వాత ఆయుష్షు. దాదాపు అందరూ తప్పేది ఇక్కడే. ద్రవ్యరాశి ఘనాన్ని 8.4×10⁻²⁶తో గుణిస్తే సెకండ్లు వస్తాయనే సూత్రాన్ని తీసుకుని, విశ్వం వయసైన 1,380 కోట్ల ఏళ్లకు సరిపోయే బిలం 1.7×10¹⁴ గ్రాములని తేల్చేస్తారు. ఆ సూత్రం బిలం కాంతిని మాత్రమే వెదజల్లుతుందని అనుకుంటుంది. నిజానికి న్యూట్రినోలు, ఎలక్ట్రాన్లు, వేడి పెరిగేకొద్దీ మ్యూయాన్లు, క్వార్కులు వంటి బరువైన సూక్ష్మ కణాలు కూడా వెలువడతాయి. 1976లో భౌతిక శాస్త్రవేత్త డాన్ పేజ్ మొదలుపెట్టిన ఈ తరహా లెక్కల ప్రకారం సరైన విలువ సుమారు 5×10¹⁴ గ్రాములు. ఇదే బిలానికి సులువు సూత్రం సుమారు 33,000 కోట్ల ఏళ్ల ఆయుష్షు చెబుతుంది! అలాగని బరువైన కణాలన్నిటినీ మొదటి నుంచే కలపకూడదు: ద్రవ్యరాశి సగానికి తగ్గేసరికే ఆయుష్షులో ఎనిమిదింట ఏడు వంతులు గడిచిపోతాయి కనుక, ఆరంభ ఉష్ణోగ్రత వద్ద వెలువడే కణాలే జవాబును ప్రధానంగా నిర్ణయిస్తాయి.

ఇక పుట్టిన క్షణం. కొందరు అక్కడి నుంచే మొదలుపెట్టి ముందుకు వస్తారు. అలా చేస్తే ద్రవ్యరాశిని ఊహించుకోవలసి వస్తుంది కాబట్టి నేటి నుంచి వెనక్కి వెళ్లడమే పద్ధతి. బిలం ద్రవ్యరాశి అప్పటికి కాంతి చేరగలిగిన పరిధిలోని ద్రవ్యరాశితో ఇంచుమించు సమానం. 5×10¹⁴ గ్రాములకు అది మహావిస్ఫోటం తర్వాత 10⁻²³ సెకండ్ల స్థాయి.

చివరిగా గామా కిరణాలు. ఆవిరయ్యే బిలాలు వాటిని వెదజల్లుతాయి. ఆకాశపు నేపథ్య గామా కాంతి తక్కువే కాబట్టి, బిలాలు పుట్టిన ఆ క్షణంలో విశ్వంలో 10²⁶వ వంతుకు మించి బిలాలుగా కుప్పకూలి ఉండకూడదు. సాంద్రత హెచ్చుతగ్గులు గాసియన్ తీరులో, అంటే సగటు చుట్టూ గంట ఆకారపు వక్రంలా పరుచుకుని, ఉన్నాయనుకుంటే, అంత చిన్న పరిధిలో అవి నూటికి కొద్ది పాళ్లకు మించవు. సూక్ష్మతరంగ నేపథ్యం, అంటే తొలి విశ్వం నుంచి మిగిలిన ఆ 2.7 కెల్విన్ల కాంతి, పెద్ద పరిధుల్లో చూపేది లక్షకు ఒక పాలు మాత్రమే. ఆవిరవుతున్న బిలం ఇంతవరకూ కనబడలేదు గనుక మీ జవాబును కొలతగా కాక గరిష్ఠ పరిమితిగానే రాయండి.