స్పీకర్లు కొనేముందు: వీడియోలో తేలేదేంటి, గదిలో వినాల్సిందేంటి

యూట్యూబ్‌లో ఒక స్పీకర్ల జత మోగుతుంటే మీ చెవికి చేరేది వాటి ధ్వని ఒక్కటే కాదు. వీడియో తీసినవాళ్ల గది ప్రతిధ్వని, మైకు గుణం, చివరికి మీ ఇయర్‌ఫోన్ల గుణం కూడా అందులో కలిసిపోతాయి. చాలామంది యూట్యూబ్ కంప్రెషన్‌ని తిడతారు గానీ దాని పాలు తక్కువే. ఎక్కువ చెడగొట్టేది మైకూ, గదీ. ఇక మీ ఇయర్‌ఫోన్లే 40 హెర్ట్జ్ లాంటి లోతైన మంద్ర ధ్వనిని పలకలేకపోతే, ఎంత పెద్ద టవర్ స్పీకర్ బాస్ అయినా మీ దాకా రాదు. అందుకే వీడియో చూసి ఒకదాన్ని వద్దనుకోవచ్చు, కానీ అది చూసే డబ్బు కట్టకూడదు.

వద్దనుకోవడానికి మాత్రం వీడియో బాగా పనికొస్తుంది. బాస్ పోర్టు (పెట్టెలోంచి గాలి బయటికొచ్చే రంధ్రం) వెనక ఉందా, ముందుందా చూడండి. గోడకి ఆనించి పెట్టక తప్పని ఇంట్లో వెనక పోర్టు ఇబ్బంది పెడుతుంది. సెన్సిటివిటీ, అంటే ఒకే పవర్‌కి స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందో, అది కూడా చూడండి. 88 డెసిబెల్స్ స్పీకర్ ఇచ్చేంత శబ్దం 85 స్పీకర్ ఇవ్వాలంటే యాంప్ (యాంప్లిఫయర్) రెట్టింపు వాట్లు ఇవ్వాలి. ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా వస్తుందో కొలిచిన గ్రాఫులు చూపించే వీడియోలైతే మరీ మేలు. ఎదురుగా తీసిన గీతతో పాటు పక్క కోణాల గీతలూ చూడండి. బాస్ పలికే వూఫర్ నుంచి సన్నని ధ్వనులు పలికే ట్వీటర్‌కి మారే 2–3 కిలోహెర్ట్జ్ దగ్గర పక్క గీతల్లో పెద్ద గుంట ఉంటే, మీరు కాస్త పక్కకి జరిగి కూర్చున్నా గొంతు తీరు మారిపోతుంది.

వీడియోలో వినే పోల్చాల్సి వస్తే, ఒకే వీడియోలో ఒకే మైకు, ఒకే చోటు, ఒకే పాటతో తీసిన రెండు స్పీకర్ల మధ్య తేడా మాత్రమే పట్టించుకోండి. అసలు పాటను మ్యూజిక్ యాప్‌లో అవే ఇయర్‌ఫోన్లతో వినండి. ఏది దానికి దగ్గరగా ఉందో కొంత తెలుస్తుంది. ఫోన్ మైకుతో తీసినవి వదిలేయండి. ఫోన్ హెచ్చు శబ్దాన్ని తనంతట తానే తగ్గించేస్తుంది.

షోరూమ్‌లో చేసే పెద్ద పొరపాటు వాల్యూమ్ సమం చేయకపోవడం. ఒక స్పీకర్ 1 డెసిబెల్ ఎక్కువగా మోగితే అది మనకి హెచ్చుగా అనిపించదు, మరింత స్పష్టంగా, నిండుగా అనిపిస్తుంది. దాంతో తీర్పు తప్పుతుంది. పెన్‌డ్రైవ్‌లో పింక్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన హోరు) ఫైలు తీసుకెళ్లండి. కూర్చునే చోట చెవి ఎత్తులో ఫోన్ పెట్టి, సౌండ్ మీటర్ యాప్‌లో రెండు జతలూ 75 డెసిబెల్స్ చూపేలా వాల్యూమ్ సర్దండి. యాప్ అంకె ఖచ్చితం కాకపోయినా ఫోన్ అదే కాబట్టి పోలికకి సరిపోతుంది. యాంప్‌లను పోల్చేటప్పుడు 100 హెర్ట్జ్ టోన్ మోగించి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్‌తో ఏసీ వోల్టులు చూడండి. ఒకటి 2.00, రెండోది 2.05 చూపితే తేడా 0.2 డెసిబెల్, అంతవరకు ఫర్వాలేదు. ప్రోబుల కొనలు ఒకదానికొకటి తగలనివ్వకండి, షార్టయితే యాంప్ పోవచ్చు.

ధ్వనిలోని చిన్న తేడాలు కొద్ది సెకన్లలోనే మన గుర్తులోంచి జారిపోతాయి. 15–20 సెకన్ల ముక్క వినిపించి వెంటనే మార్చమనండి. మొదట ఒక్కొక్క స్పీకర్‌నే మోనోలో వినండి. స్టీరియోలో మరుగున పడే లోపాలు మోనోలో బయటపడతాయని ధ్వని శాస్త్రవేత్త ఫ్లాయిడ్ టూల్ పరిశోధనలు చూపాయి. మృదంగం ఉన్న కచేరీ రికార్డింగు మంచి పరీక్ష. కుడివైపు దెబ్బ తునకగా తెగాలి, ఎడమవైపు తొప్పి నాదం ఉబ్బకుండా జారాలి. మగగొంతు మాట డబ్బాలోంచి వచ్చినట్టుంటే బాస్ పైభాగంలో వాపు ఉన్నట్టే. "స", "ష" చెవిలో గుచ్చుకుంటే ట్రెబుల్ (సన్నని, పై ధ్వనుల భాగం) ఎక్కువ. ఆఖరున నచ్చిన జతని అరగంట ఆపకుండా వినండి. చెవి అలసిపోతుందో లేదో అప్పుడే తెలుస్తుంది.

షోరూమ్‌లో తివాచీ, పరదాలు ఉంటాయి. మన ఇళ్లలో టైల్స్, సిమెంటు గోడలు. వీలైతే రెండు రోజులు ఇంట్లో పెట్టి వినే ఏర్పాటు అడగండి. చప్పట్లు కొడితే గది మోగుతుంటే, ముందు మీకూ స్పీకర్లకూ మధ్య దళసరి జంపఖానా పరవండి. 12 అడుగుల పొడవు గది 47 హెర్ట్జ్ దగ్గర గుంయ్‌మంటుంది, గోడ దగ్గర మరీ ఎక్కువ. కుర్చీని వెనక గోడ నుంచి 3 అడుగులు ముందుకు జరపండి. అప్పుడు తగ్గితే తప్పు గదిదే. తగ్గకపోతే స్పీకర్లను మరో అడుగు ముందుకు లాగి వినండి. అప్పటికీ అలాగే ఉంటేనే వెనక్కి ఇచ్చేయండి.