వెంచర్‌తో వార్మ్‌హోల్ గ్యాస్‌కి మొదటిసారి వెళ్తున్నారా? బయలుదేరే ముందు ఇవి చూసుకోండి

అంతరిక్ష ఓడలతో ఆడే ఆన్‌లైన్ గేమ్ ఈవ్ ఆన్‌లైన్‌లో కొత్తగా చేరినవాళ్లు ఎక్కువమంది కొన్నాళ్లు హైసెక్‌లో (భద్రత ఎక్కువున్న ప్రాంతంలో) రాళ్లు తవ్వి, వచ్చే డబ్బు చాలక, ఎవరో చెప్పారని వెంచర్ అనే చిన్న మైనింగ్ ఓడ వేసుకుని వార్మ్‌హోల్‌లోకి (తాత్కాలికంగా తెరుచుకునే హోల్ గుండా చేరే నక్షత్ర మండలంలోకి, అంటే సిస్టంలోకి) గ్యాస్ కోసం వెళ్తారు. వెళ్లడంలో తప్పేమీ లేదు. అసలు ఆ పనికి వెంచర్ కంటే మంచి చిన్న ఓడ కొత్తవాళ్లకు దొరకదు. 2012 డిసెంబరులో ఈ ఓడ ఆటలోకి వచ్చినప్పటి నుంచి అంతే: 5000 క్యూబిక్ మీటర్ల మైనింగ్ హోల్డ్ (తీసిన సరుకు పెట్టే చోటు), గ్యాస్ తీయడానికి బోనస్, 2016లో వచ్చిన ఉచిత ఆల్ఫా ఖాతాతో కూడా నడపొచ్చు, పోయినా పెద్దగా నష్టం ఉండదు. కాకపోతే ఇది దెబ్బలు తట్టుకునే ఓడ కాదు, తప్పించుకునే ఓడ. ఆ సంగతి మనసులో పెట్టుకుని సిద్ధమైతే చాలాసార్లు క్షేమంగా తిరిగి రావచ్చు.

వార్ప్ అంటే ఓడ సిస్టంలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఒక్కసారిగా దూసుకెళ్లడం, డిస్రప్టర్, స్క్రాంబ్లర్ దాన్ని ఆపే పరికరాలు. వెంచర్‌కి పుట్టుకతోనే రెండు పాయింట్ల వార్ప్ బలం ఉంటుంది, అంటే దాన్ని ఆపాలంటే రెండుకు మించిన పాయింట్లు కావాలి. మామూలు వార్ప్ డిస్రప్టర్ ఒక పాయింటు, మామూలు స్క్రాంబ్లర్ రెండు పాయింట్లు. అంటే ఒక్కడు వచ్చి ఒక్క స్క్రాంబ్లర్ వేసినా మీరు వార్ప్ అయిపోవచ్చు, చాలామంది ప్రాణం కాపాడేది ఇదే. కానీ దీన్నే నమ్ముకుని కూర్చోకండి. ఇద్దరు వస్తే ఆ లెక్క సరిపోకపోవచ్చు, మూడు పాయింట్ల ఫ్యాక్షన్ స్క్రాంబ్లర్ ఉన్నవాడు ఒక్కడొచ్చినా సరిపోదు, ఇక ఇంటర్‌డిక్షన్ బబుల్ (లోపలున్న ఓడల్ని వార్ప్ కాకుండా ఆపే గోళం) వేస్తే ఈ పాయింట్లకు అసలు విలువే లేదు. వార్మ్‌హోల్‌లో బబుల్స్ వేసుకోవచ్చు, హైసెక్‌లో వేయలేరు. ఇన్నాళ్లూ హైసెక్‌లోనే ఉన్నవాళ్లకు బబుల్ ఎలా ఉంటుందో కూడా తెలియదు కాబట్టి ఈ మాట గట్టిగా చెప్తున్నాను.

రెండో తేడా ఇంకా పెద్దది. హైసెక్‌లో లోకల్ ఛానల్ (ఆ సిస్టంలోని చాట్) చూస్తే సిస్టంలో ఎవరున్నారో తెలుస్తుంది. వార్మ్‌హోల్‌లో ఎవరైనా నోరు విప్పితేనే పేరు కనిపిస్తుంది, లేకపోతే పదిమంది ఉన్నా లోకల్ ఖాళీగానే ఉంటుంది. కాంకార్డ్ (ఆటలోని పోలీసు దళం) కూడా రాదు. (హైసెక్‌లో కూడా కాంకార్డ్ మిమ్మల్ని కాపాడదు, కాల్చినవాణ్ని తర్వాత శిక్షిస్తుంది, అంతే.) కాబట్టి అక్కడ మీకున్న కళ్లు డీ-స్కాన్ (చుట్టుపక్కల ఏ ఓడలు, ప్రోబ్స్ ఉన్నాయో చూపే స్కానర్) ఒక్కటే. దాని పరిధి 14.3 ఏయూ (ఒక ఏయూ అంటే భూమికీ సూర్యుడికీ మధ్య దూరం), పూర్తిగా పెంచి, 360 డిగ్రీలు పెట్టి, గ్యాస్ తీస్తున్నంతసేపూ వీ కీ నొక్కుతూనే ఉండాలి. వీడియో చూస్తూ గ్యాస్ తీసే అలవాటు ఉంటే దయచేసి హైసెక్‌లోనే ఉండండి.

డీ-స్కాన్‌లో ఏం కనిపిస్తే వెళ్లిపోవాలి? కాంబాట్ స్కానర్ ప్రోబ్స్ కనిపిస్తే ఆలోచించొద్దు, ఎవరో ఓడల్ని వెతుకుతున్నారు. కోర్ ప్రోబ్స్ అయితే మీలాగే సైట్ల (గ్యాస్ లాంటివి దొరికే చోట్ల) కోసం వచ్చినవాడు కావచ్చు, కానీ మీరున్న సైటు వాడికి కూడా దొరుకుతుంది కదా, కాబట్టి అప్పుడు కూడా లేచి వెళ్లడమే నయం. అంతకుముందు లేని ఓడ ఏదైనా ఒక్క స్కాన్‌లో కనిపించి తర్వాతి స్కాన్‌లో మాయమైతే అది క్లోక్ (ఓడను కనిపించకుండా చేసే పరికరం) వేసుకుని ఉండొచ్చు. ఆస్టెరో లాంటి ఓడలు కోవర్ట్ క్లోక్‌తో వార్ప్‌లో కూడా కనిపించకుండానే మీ పక్కకు వస్తాయి, స్టెల్త్ బాంబర్లు కూడా అంతే. ఒక్క క్షణం కనిపించిన ఆ పేరే మీకు దొరికే ఏకైక హెచ్చరిక, దాన్ని పట్టించుకోండి. గ్యాస్ ఎక్కడికీ పోదు, అరగంట తర్వాత మళ్లీ రావచ్చు, వేరే హోల్ వెతుక్కోవచ్చు.

ఇప్పుడు బయలుదేరే ముందు పని. వెంచర్‌కి పైన మూడు స్లాట్లు, అందులో రెండింటికి గ్యాస్ తీసే పరికరాలు, అంటే గ్యాస్ క్లౌడ్ స్కూప్‌లు. మూడోదానికి కోర్ ప్రోబ్ లాంచర్ పెట్టండి, ప్రోబ్స్ లోడ్ చేశారో లేదో ఒకసారి చూసుకోండి. కొందరు అక్కడ మామూలు క్లోక్ పెడతారు, అదీ పనికొస్తుంది, కానీ ఏ వస్తువుకైనా 2000 మీటర్ల లోపు ఉంటే క్లోక్ పడదు, స్కూప్ పరిధేమో 1500 మీటర్లు. అంటే గ్యాస్ తీస్తున్న చోట క్లోక్ అక్కరకు రాదు. వచ్చిన హోల్ మూసుకుపోతే ప్రోబ్స్ ఉన్నవాడు వేరే దారి వెతుక్కుని బయటపడతాడు, లేనివాడు అక్కడే చిక్కుకుంటాడు. అందుకే నా ఓటు లాంచర్‌కే. మిగతాచోట కాస్త రక్షణకి మీడియం షీల్డ్ ఎక్స్‌టెండర్, డ్యామేజ్ కంట్రోల్ సరిపోతాయి. ఖరీదైన మాడ్యూళ్లు పెట్టి వెంచర్‌ని గట్టి ఓడగా మార్చాలని చూడకండి, అది డబ్బు దండగ. క్లోన్‌లో (ఆటలో మీ శరీరంలో) ఖరీదైన ఇంప్లాంట్లు (సామర్థ్యం పెంచే అమరికలు) ఉంటే మాత్రం అవి లేని క్లోన్‌తో వెళ్లండి. పాడ్ (ఓడ పేలాక మీరు మిగిలే చిన్న గుళిక) పోతే ఇంప్లాంట్లన్నీ పోతాయి, ఓడ ధర కంటే ఆ నష్టమే ఎక్కువ.

హోల్ దగ్గరికి వచ్చాక షో ఇన్ఫో చూడండి. ఆయుష్షు చివరికి వచ్చిందని రాసి ఉంటే లోపలికి అడుగు పెట్టకండి. మాస్ (ఆ హోల్ ఇంకా మోయగల బరువు) బాగా తగ్గిందని ఉన్నా అంతే, మీ వెంచర్ చిన్నదే అయినా వెనకాల ఇంకెవరో పెద్ద ఓడతో వెళ్లి దాన్ని మూసేయొచ్చు. దూకే ముందు ఇవతల వైపు బుక్‌మార్క్, దూకిన వెంటనే అవతల వైపు బుక్‌మార్క్. ఇది మర్చిపోతే మిగతా జాగ్రత్తలన్నీ తీసుకున్నా ఇల్లు చేరలేరు. దూకాక కదలకపోతే ఒక నిమిషం పాటు మీరు ఎవరికీ కనిపించరు. ఆ నిమిషంలోనే బుక్‌మార్క్ పెట్టి డీ-స్కాన్ కొట్టి, ఉండాలో వెనక్కి పోవాలో తేల్చుకోండి. ఊరికే అటూ ఇటూ దూకుతూ ఉంటే పోలరైజ్ అయి కొన్ని నిమిషాలు ఆ హోల్ మిమ్మల్ని రానివ్వదు, సరిగ్గా తప్పించుకోవాల్సిన సమయంలో అదే జరిగితే ఇక చేసేదేమీ ఉండదు.

సైటులో స్లీపర్ల (వార్మ్‌హోల్‌లో ఆటే నడిపే శత్రు ఓడల) సంగతి కూడా తెలిసి ఉండాలి. గ్యాస్ సైటులోకి వెళ్లగానే ఎవరూ లేరని సంతోషపడకండి, కొంతసేపటికి వస్తారు, చాలామంది పావుగంటను గడువుగా పెట్టుకుంటారు. సీ-320, సీ-540 అనే ఖరీదైన గ్యాస్‌లు ఉండే ఇన్‌స్ట్రుమెంటల్ కోర్, వైటల్ కోర్ సైటుల్లో వాళ్లు వచ్చారంటే వెంచర్ ఎంతోసేపు నిలవదు. ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి, మోగగానే హోల్డ్ ఎంత నిండిందని చూడకుండా కదలండి. సీ-320 ఒక్కో యూనిట్ 5 క్యూబిక్ మీటర్లు, అంటే హోల్డ్ నిండితే 1000 యూనిట్లు. సగం నిండినా మంచి సంపాదనే. డ్రోన్లు బయటికి తీయొద్దు, స్లీపర్ల ముందు రెండు చిన్న డ్రోన్లు చేసేదేమీ లేదు, పైగా వాటిని వెనక్కి పిలవాలని ఆగితే ఆ కొన్ని సెకన్లలోనే పని అయిపోతుంది.

ఎవరైనా పక్కన ప్రత్యక్షమైతే ఎవరు, ఏ ఓడ అని చదువుతూ కూర్చోవద్దు. ముందే ఒక సేఫ్ బుక్‌మార్క్ ఎంచుకుని పెట్టుకోవాలి, వార్ప్ నొక్కాలి, పడకపోతే మళ్లీ నొక్కాలి. ఓడ పోయేలా ఉంటే అప్పటికే ఒక గ్రహాన్ని సెలెక్ట్ చేసి వార్ప్ నొక్కుతూనే ఉండండి, పేలిన క్షణంలో పాడ్ బయటపడే అవకాశం ఉంటుంది. బబుల్‌లో ఉంటే పాడ్‌కి కూడా దారి ఉండదు, అప్పుడు టెన్షన్ పడి చేసేదేమీ లేదు, హోం స్టేషన్‌లో లేస్తారు.

మన వైపు ఆడేవాళ్లకు ఇంకో రెండు మాటలు. సర్వర్ రోజూ 11:00 యూటీసీకి ఆగుతుంది, అంటే మన సాయంత్రం 4:30. ఆ సమయానికి డాక్‌లో ఉండేలా చూసుకోండి. వానాకాలంలో కరెంటు పోయే ఊళ్లలో ఉంటే రౌటర్‌కి కూడా యూపీఎస్ ఉండాల్సిందే. కనెక్షన్ పోతే ఓడ తనంతట తాను దూరంగా వార్ప్ అయి, దాదాపు నిమిషంలో మాయమవుతుంది నిజమే, కానీ ఎవరో కాలుస్తున్నప్పుడు పోతే అంత త్వరగా మాయం కాదు.

తిరిగొచ్చాక సరుకు మొత్తాన్ని అదే వెంచర్‌లో ఒకేసారి జితాకి (ఆటలోని అతిపెద్ద మార్కెట్‌కి) మోయకండి. ఉయెడామా లాంటి, భద్రత స్థాయి 0.5 మాత్రమే ఉన్న హైసెక్ సిస్టంలలో కార్గో స్కాన్ చేసి, తమ ఓడ పోయినా ఫర్వాలేదని కాల్చేవాళ్లు కాచుకుని ఉంటారు. సరుకును దగ్గరి స్టేషన్‌లో దింపి, కొంచెం కొంచెంగా తీసుకెళ్లండి. దారిలో ఉయెడామా తగిలితే ముందురోజు అక్కడ ఎన్ని ఓడలు పోయాయో జెడ్‌కిల్‌బోర్డ్ వెబ్‌సైటులో చూసి, ఎక్కువగా ఉంటే ఆ రోజుకి ఆగండి.