వానలు మొదలవకముందే గేమ్ మెషీన్ల పవర్ సంగతి చూసుకోండి

మద్రాసులో ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో దిగితే డిసెంబరు దాకా వదలవు. దీపావళి, అర్ధ సంవత్సర పరీక్షల తర్వాతి సెలవులు, క్రిస్మస్ అన్నీ ఆ మూడు నెలల చుట్టూనే వస్తాయి. గేమ్ జోన్‌కు పిల్లలు విరగబడి వచ్చే రోజులూ, కరెంటు మాటిమాటికీ పోయే రోజులూ ఒక్కటే. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను, 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చినప్పుడు ఊళ్లో ఎన్నో పేటలు చీకట్లో ఉన్నాయి. అంత తుఫానే రానక్కర్లేదు. ఒక చెట్టుకొమ్మ తీగ మీద వాలినా కరెంటు పోతూ వస్తూ ఉంటుంది.

కరెంటు వచ్చాక లైట్లు వెలుగుతాయి, ఏసీ తిరుగుతుంది, టోకెన్ కౌంటరు పనిచేస్తుంది. రేసింగ్ మెషీన్, షూటింగ్ మెషీన్ మాత్రం నల్లటి తెరతో అలాగే ఉండిపోతాయి. లోపలున్న కంప్యూటర్ ఆన్ కాలేదు. దాని బటన్ నొక్కాలంటే వెనక తలుపు తాళం తీయాలి. తాళంచెవి ఓనరు దగ్గర ఉంటుంది, ఓనరు పెరంబూరులో ఉంటాడు, వేళచ్చేరి రోడ్డు నీళ్లలో ఉంటుంది. మన తెలుగువాళ్లు ఇక్కడ నడుపుతున్న చిన్న చిన్న గేమ్ జోన్లకు ఒక సాయంత్రం ఆదాయం పోవడం చిన్న విషయం కాదు. అందుకే సెప్టెంబరులోనే ఒక ఉదయం దీనికి కేటాయించండి.

ముందు అసలు కారణం అర్థం కావాలి. పాత గేమ్ బోర్డులకు ఈ ఇబ్బంది లేదు. స్విచ్ వేస్తే కరెంటు నేరుగా బోర్డుకు చేరి ఆట మొదలయ్యేది. పాత ఏటీ రకం కంప్యూటర్లూ అంతే. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ పద్ధతి తెచ్చాక పవర్ బటన్ అసలు స్విచ్ కాకుండా పోయింది. అది మదర్‌బోర్డుకు 'లే' అని కబురు మాత్రమే పంపుతుంది. ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపూ ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే డబ్బా) నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు బోర్డుకు అందుతూ ఉంటుంది, ఆ మెలకువతోనే బోర్డు బటన్ కోసం కాచుకుని ఉంటుంది. కాబట్టి బటన్ నొక్కే మనిషి లేకుండా మెషీన్ లేవాలంటే రెండు జరగాలి: కరెంటు పూర్తిగా పోయిందని బోర్డుకు తెలియాలి, తిరిగి వస్తే ఏం చేయాలో దానికి ముందే చెప్పి ఉండాలి. ఇకపై చెప్పే జాగ్రత్తలు చాలావరకు ఈ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

చెప్పి ఉంచడం బయోస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే బోర్డు సెట్టింగుల మెనూలో జరుగుతుంది. పేరు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. ఆసుస్ బోర్డుల్లో 'రీస్టోర్ ఏసీ పవర్ లాస్', గిగాబైట్‌లో 'ఏసీ బ్యాక్', డెల్‌లో 'ఏసీ రికవరీ', హెచ్‌పీ, లెనోవోల్లో 'ఆఫ్టర్ పవర్ లాస్'. సాధారణంగా మూడు ఎంపికలు ఉంటాయి: ఆఫ్‌గా ఉండు, ఆన్ అవ్వు, పోయే ముందు ఎలా ఉన్నావో అలాగే ఉండు. చాలామంది మూడోది పెడతారు. వినడానికి తెలివైనదిగానే ఉంటుంది, కానీ గేమ్ జోన్‌కు అది సరిపడదు. రాత్రి కుర్రాడు పద్ధతిగా విండోస్ షట్‌డౌన్ చేసి, "అన్నా, మెయిన్ కూడా తీసేశాను" అని చెప్పి ఇంటికి వెళ్తాడు. పోయే ముందు స్థితి ఆఫ్ కాబట్టి పొద్దున మెయిన్ వేసినా మెషీన్ లేవదు. రెండోదే, అంటే ఎప్పుడూ ఆన్ అయ్యేదే పెట్టండి.

అదే మెనూ దగ్గర్లో 'ఈఆర్‌పీ' అనో 'డీప్ స్లీప్' అనో మరొకటి కనిపిస్తుంది. కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడు కరెంటు వాడకాన్ని బాగా తగ్గించడం దాని పని. ఇంట్లో మంచిదే. ఇక్కడ మాత్రం కొన్ని బోర్డుల్లో తనంతట తాను లేచే శక్తిని అదే తీసేస్తుంది. దాన్ని ఆపేయండి. కీబోర్డు లేకపోతే 'ఎఫ్1 నొక్కండి' అని ఆగిపోయే అలవాటు ఉన్న బోర్డుల్లో ఆ ఆగడాన్ని కూడా తీసేయండి, మెషీన్ లోపల కీబోర్డు ఎలాగూ ఉండదు.

ఇంత చేసినా బోర్డు మీది బటన్ సెల్లు అయిపోతే మొదటికి వస్తుంది. అది సీఆర్ 2032, 3 వోల్టులది. స్టాండ్‌బై కరెంటు ఉన్నంతసేపు బోర్డులోని గడియారం దాని మీద ఆధారపడదు. ప్లగ్ తీస్తేనే సెల్లు మీద పడుతుంది. ఇంట్లో కంప్యూటర్‌కు ఈ సెల్లు ఏళ్ల తరబడి వస్తుంది. మనం రోజూ రాత్రి మెయిన్ తీసేస్తాం కాబట్టి త్వరగా అరుగుతుంది. అది పోయిన రోజున మీరు పెట్టినవన్నీ చెరిగి, పవర్ సంగతి చాలా బోర్డుల్లో 'ఆఫ్‌గా ఉండు' దగ్గరికి వెళ్లిపోతుంది. అందుకే "పోయిన ఏడాది సెట్ చేశాం కదా, ఇప్పుడేమైంది?" అనే ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఈ సెల్లే. మల్టీమీటర్‌లో 2.8 వోల్టుల కన్నా తక్కువ చూపిస్తే మార్చండి. రిచీ స్ట్రీట్‌లో విడిగా గిన్నెలో పోసి అమ్మేవి వద్దు, సీలు ఉన్న కార్డులోవే కొనండి. తీసే ముందు బయోస్‌లోని ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. హార్డ్‌డిస్క్ మోడ్ మారిపోతే విండోస్ నీలం తెరతో ఆగిపోతుంది, అప్పుడు పాత విలువ ఏమిటో గుర్తుండదు. తేదీ కూడా సరిచేయండి. తేదీ వెనక్కి పోతే కొన్ని ఆటల లైసెన్సు ఒప్పుకోదు.

ఇప్పుడు వానాకాలంలో అందరినీ తికమక పెట్టే భాగానికి వద్దాం. కరెంటు గంటసేపు పోతే మెషీన్ చక్కగా లేస్తుంది, రెప్పపాటు పోతే మాత్రం లేవదు. ఎస్‌ఎంపీఎస్ కెపాసిటర్లలో మిగిలిన చార్జితో స్టాండ్‌బై కొన్ని సెకన్లు బతికే ఉంటుంది. ఆట నడిపే పెద్ద వోల్టేజీలు పడిపోయి మెషీన్ ఆగిపోతుంది గానీ, స్టాండ్‌బై పోలేదు కాబట్టి కొన్ని బోర్డులు దాన్ని కరెంటు పోవడంగా లెక్కవేయవు. ఇలాంటి మెషీన్‌కు మెయిన్ తీసి ముప్పై సెకన్లు ఆగి వేయడమే మందు. దుకాణంలో ఉన్న అందరికీ ఇది నేర్పండి. కంగారులో టకటకా ఆఫ్, ఆన్ చేస్తే పని జరగదు, ఎస్‌ఎంపీఎస్‌కు చెడుపు కూడా.

మనిషి అక్కర్లేకుండా ఇదే జరగాలంటే ఎలక్ట్రీషియన్‌తో డీబీలో (దుకాణానికి కరెంటు పంచే స్విచ్‌ల పెట్టెలో) ఆన్-డిలే టైమర్, కాంటాక్టర్ పెట్టించుకోండి. కరెంటు పోయిన వెంటనే కాంటాక్టర్ విడిపోతుంది, వచ్చాక టైమర్ నిమిషం లెక్కపెట్టి అప్పుడు కలుపుతుంది. ఈలోగా బోర్డులన్నీ పూర్తిగా నిద్రపోతాయి. నా ఉద్దేశంలో ఈ సీజన్‌కు పెట్టే ఖర్చులన్నింటిలో మొదట పెట్టాల్సింది ఇదే. వరుసకో టైమర్ పెట్టి పది పది సెకన్ల తేడా ఇస్తే మరో లాభం ఉంది: ఇరవై ఎస్‌ఎంపీఎస్‌లు ఒక్కసారిగా కరెంటు గుంజి ఎంసీబీ (లోడు ఎక్కువైతే లైన్ కోసేసే స్విచ్) పడిపోయే బాధ తప్పుతుంది.

యూపీఎస్ ఉన్నవాళ్లు మాకు ఫర్వాలేదు అనుకోకండి. బ్యాటరీ అడుగంటగానే యూపీఎస్ సాఫ్ట్‌వేర్ విండోస్‌ను మర్యాదగా షట్‌డౌన్ చేస్తుంది. సరిగ్గా ఆ రెండు నిమిషాల్లో కరెంటు తిరిగి వచ్చిందనుకోండి. కంప్యూటర్ ఆఫ్ అయింది, కానీ ప్లగ్‌లో కరెంటు ఒక్క క్షణం కూడా పోలేదు. బోర్డు దృష్టిలో ఏమీ జరగలేదు, అది అలాగే పడుకుని ఉంటుంది. కాబట్టి షట్‌డౌన్ మొదలయ్యాక, కరెంటు తిరిగి వచ్చినా సరే, యూపీఎస్ తన అవుట్‌పుట్‌ను కాసేపు ఆపి మళ్లీ ఇచ్చేలా అమర్చాలి. మంచి యూపీఎస్‌లలో ఆ ఏర్పాటు ఉంటుంది. ఇక ఇంటి ఇన్వర్టర్ మీద మెషీన్లు నడిపేవాళ్లు దాన్ని యూపీఎస్ మోడ్‌లోనే ఉంచండి. ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ పూర్తి లోడు మీద సుమారు 16 మిల్లీసెకన్లే ఓర్చుకుంటుంది. మామూలు మోడ్‌లో ఇన్వర్టర్ మారడానికి అంతకన్నా ఎక్కువ సమయం పడితే కంప్యూటర్ పడిపోతుంది.

కంప్యూటర్ లేచినా ఆట దాకా రాకపోవచ్చు. విండోస్ రెండు మూడు సార్లు అర్ధంతరంగా ఆగితే రిపేరు తెర చూపించి మౌసు కోసం ఎదురుచూస్తుంది. ఆ ఆటోమేటిక్ రిపేరును బూట్ సెట్టింగుల్లో ఆపించండి, పాస్‌వర్డు అడగకుండా లాగిన్ అయ్యేలా, ఆట దానంతట అదే మొదలయ్యేలా చూడండి. డిస్క్ నకలు ఒకటి తీసి దుకాణం బయట భద్రపరచండి. ఈ పనులు మెషీన్ అమ్మినవాళ్లతోనో తెలిసినవాళ్లతోనో చేయించుకుంటే మేలు.

సెట్టింగులన్నీ సరిగ్గా ఉండి కూడా లేవకపోతే ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానించండి. ప్లగ్ తీసి అయిదు నిమిషాలు ఆగితేనే లేవడం, ఫ్యాను ఒకసారి కదిలి ఆగిపోవడం దాని గుర్తులు. 24 పిన్నుల కనెక్టరులో ఊదారంగు తీగకూ నల్ల తీగకూ మధ్య 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉండాలి. లేకపోతే యూనిట్‌నే మార్చండి, డబ్బా విప్పకండి. లోపలి పెద్ద కెపాసిటర్ మీద 300 వోల్టులకు పైగా నిలిచి ఉంటుంది, ప్లగ్ తీశాక కూడా కాసేపు ఉంటుంది. పాత ట్యూబు మానిటరు ఉన్న మెషీన్ అయితే అందులో వేల వోల్టులు, దాని జోలికి అసలు పోవద్దు. పవర్ బటన్ రెండు పిన్నులనూ తీగతో శాశ్వతంగా కలిపేసే చిట్కా కూడా మానండి. నాలుగు సెకన్లు నొక్కి పట్టుకున్నట్టు భావించి బోర్డు తనను తానే ఆపేసుకుంటుంది.

మెషీన్ తనంతట తాను లేచేలా చేశాక ఒక కొత్త ప్రమాదం వస్తుంది. కరెంటు లేదు కదా అని కుర్రాడు వెనక తలుపు తీసి లోపల చెయ్యి పెడతాడు. అదే క్షణంలో ఈబీ (విద్యుత్ బోర్డు) వాళ్లు లైన్ ఇస్తే స్టీరింగ్ మోటారు తిరుగుతుంది, ఊగే సీటు కదులుతుంది. లోపల చెయ్యి పెట్టే ముందు ఆ మెషీన్ ప్లగ్ పీకి, ఆ ప్లగ్‌ను కంటికి కనిపించేలా మెషీన్ మీద పెట్టాలి. ఎంసీబీ ఆపితే చాలదు, ఇంకొకరు వచ్చి వేసేస్తారు. పిల్లల్ని కూర్చోబెట్టి ఊపే మెషీన్లకైతే కంప్యూటర్ ఒక్కటే ఆటోమేటిక్‌గా లేవాలి. మోటార్ల కరెంటు విడి స్విచ్ మీద ఉండాలి, సీటు ఖాళీగా ఉందని మనిషి చూసి వేయాలి.

గాలివానలో న్యూట్రల్ తీగ తెగితే మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న దుకాణంలో ఒక ఫేజు మీద 230 బదులు 300 దాటి 400 దాకా రావచ్చు. బయోస్‌ను ఎంత బాగా సెట్ చేసినా అప్పుడు బోర్డులు మాడిపోతాయి. హెచ్చుతగ్గుల వోల్టేజీకి కరెంటు కోసేసే రిలేను ఆ కాంటాక్టర్‌కే జోడించమని చెప్పండి. కరెంటు లీకైతే లైన్ కోసేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందా, దాని టెస్టు బటన్ నొక్కితే పడుతోందా, ఎర్తింగ్ తీగ ఉప్పుగాలికి తుప్పు పట్టిందా, అన్నీ అదే రోజు చూడాలి.

అన్నీ అయ్యాక కస్టమర్లు లేని ఉదయం పరీక్షించండి. ఆట నడుస్తుండగా మెయిన్ తీసి నిమిషం ఆగి వేయండి. తర్వాత విండోస్ షట్‌డౌన్ చేసి, మెయిన్ తీసి, వేయండి. మూడోసారి రెండే సెకన్లు తీసి వేయండి. మూడింటిలోనూ ఎవరూ ముట్టుకోకుండా ఆట తెర రావాలి. రానిదాని మీద కాగితం అంటించి, ఏ పరీక్షలో తప్పిందో రాయండి.

తుఫాను హెచ్చరిక విని దుకాణం మూసేటప్పుడు మాత్రం ఈ ఏర్పాటంతా పక్కన పెట్టాల్సిందే. మెయిన్ తీసి, ప్రతి ప్లగ్ పీకి, నేల మీది ఎక్స్‌టెన్షన్ బాక్సులు బల్లల మీదికి ఎక్కించి వెళ్లండి. లేకపోతే అర్ధరాత్రి లైన్ వచ్చినప్పుడు మీరు నేర్పినట్టే మెషీన్లన్నీ లేస్తాయి, మోకాలి లోతు నీళ్లలో. తిరిగి వచ్చాక నీళ్లు తగిలిన మెషీన్‌కు ప్లగ్ పెట్టకండి. ఎస్‌ఎంపీఎస్, బోర్డు విప్పించి, కడిగి, పూర్తిగా ఆరాకే. తడవని వాటిని ఒక్కొక్కటిగా, పక్కన మనిషి ఉండగా ఆన్ చేయండి.