మోటారుకు డ్రైవ్ కొంటున్నారా? ముందు బిల్లు చూసుకోండి

బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యలో చిన్న వర్క్‌షాపుల లెక్కలు చూస్తుంటాను. ఆదాయపు పన్ను లెక్కలో మామూలు యంత్రానికి ఏటా 15% తరుగుదల (యంత్రం అరుగుదల కింద ఆదాయంలోంచి తీసేసే ఖర్చు) వస్తుంది. మోటారు వేగాన్ని అదుపు చేసే డ్రైవ్, పవర్ ఫ్యాక్టర్ కంట్రోలర్ లాంటి కరెంటు ఆదా పరికరాలకైతే 40%. ఇంత లాభం చేజారుతుంటే బాధేస్తుంది.

చిక్కంతా బిల్లుతోనే. ‘ఎలక్ట్రికల్ సామాను’ అని ఒక్క ముక్క రాసిస్తే ఏ పన్ను ఆఫీసరు ఒప్పుకుంటాడు? పరికరం పేరు, మోడల్, సీరియల్ నంబరు విడివిడిగా రాయించండి. బిగించిన తేదీ వేసి ఎలక్ట్రీషియన్‌తో సంతకం పెట్టించుకోండి. కొన్న ఆర్థిక సంవత్సరంలో (ఏప్రిల్ నుంచి మార్చి) 180 రోజుల కంటే తక్కువ వాడితే ఆ ఏడాదికి తరుగుదల సగమే, కాబట్టి సెప్టెంబరు దాటనివ్వకండి.

డబ్బు బ్యాంకు ద్వారానే కట్టండి. ఒకరికి ఒక్కరోజులో రూ.10,000 మించి నగదుగా ఇస్తే అది పరికరం ఖరీదులో కలవదు. కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి క్రెడిట్ తీసుకుంటే, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో దాన్ని తగ్గించుకుంటే, ఆ పన్ను మీద మళ్లీ తరుగుదల వేయకూడదు.